ఎండలో నడిచొచ్చిన రంగు

డాక్టరమ్మ కళ్లు కప్పడం కోసం నేను బుగ్గలకు రంగు పూసుకోవడం నేర్చుకున్నాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు నిండి కొన్ని నెలలు. బెజవాడలో టీచర్ ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టుకుంటే సీటు వచ్చింది. ఆ కాగితం తెచ్చిన పోస్టుమేన్‌ను మా నాన్న అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. కాగితం నా చేత రెండుసార్లు పైకి చదివించుకుని, ప్రతి మాటకూ అర్థం అడిగాడు. రెండోసారి చదువుతున్నప్పుడు చివర ఒక వాక్యం దగ్గర నా గొంతు తడబడింది. చేరే రోజున వెంట తేవలసిన వాటిలో ప్రభుత్వ డాక్టరు సంతకం పెట్టిన ఆరోగ్య సర్టిఫికెట్టు ఒకటి. నాన్న గమనించలేదు. గుమ్మం పక్కన నిలబడ్డ అమ్మ గమనించింది.

ఏడాదిగా నాకు ఒంట్లో బాగుండడం లేదు. జ్వరం లేదు, నొప్పి లేదు, మంచం ఎక్కాల్సినంత జబ్బేమీ లేదు. బావి దగ్గర నుంచి రెండో బిందె తెచ్చేసరికి మాత్రం చెవుల్లో హోరు మొదలయ్యేది. మిరపచేలో వంగి కాయలు కోస్తూ ఒక్కసారిగా లేస్తే, చేను మొత్తం నల్లబడి, కాసేపటికి మెల్లగా వెలుగొచ్చేది. ఆ కాసేపూ పక్కవాళ్లకు తెలియకుండా కొంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు నిలబడేదాన్ని. నాది చామనఛాయ. ఆ ఛాయ పాలిపోతే తెల్లగా కనపడదు, ఆరిన కట్టె మీద బూడిద పట్టినట్టుంటుంది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా నాకు మా పిన్ని మొహం గుర్తొచ్చేది.

పిన్ని అంటే అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. వినగడప అనే ఊరికి ఇచ్చారు. నాకు పన్నెండేళ్లప్పుడు రెండో కాన్పులో బిడ్డతో సహా పోయింది. అంతకు నెల ముందు మా ఇంటికి వచ్చి, పెరటి గుమ్మంలో కూర్చుని కొంగులో పోసుకున్న పచ్చి బియ్యం గింజ గింజా నములుతూ ఉండేది. నేను చూశానని తెలిసి నాకూ గుప్పెడు పెట్టి, మీ అమ్మకు చెప్పకే అని నవ్వింది. ఆ నవ్వులో చిగుళ్లు కనపడ్డాయి. వాటికి రంగు లేదు. పోయిన రోజున జనం సందులోంచి చూస్తే పెదవులు కూడా అలాగే ఉన్నాయి. గాలి సోకిందన్నారు, ఎవరి కన్నో పడిందన్నారు. అమ్మ ఆ తరవాత చెల్లెలి మాట ఎత్తడం మానేసింది. మేమూ ఎత్తేవాళ్లం కాదు.

ఆ ఏడాది నేనూ బియ్యం తింటున్నాను. ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఎసట్లో పోసేముందు రెండు గింజలు నోట్లో వేసుకోవడం, అవి గుప్పెడు కావడం, తరవాత డబ్బా దగ్గరకు ఊరికే వెళ్లడం. తమ్ముడి పలకపెట్టెలో బలపాలు కూడా నావల్లే అయిపోయేవి. తొలకరికి తడిసిన మట్టిగోడ వాసన తగిలితే నోట్లో నీళ్లూరేవి. ఇది ఎవరికీ చెప్పుకోలేని సంగతి. పిన్ని బియ్యం తినేది, పిన్ని పోయింది, నేను బియ్యం తింటున్నాను. ఈ మూడు ముక్కలూ ఒకదాని వెంట ఒకటి నా బుర్రలో తిరుగుతూనే ఉండేవి.

కాగితం వచ్చిన సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చాలాసేపు మొహంలోకి చూసింది. నాకు ఒంట్లో బాగుండడం లేదని ఆమెకు ఎప్పటి నుంచో తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది. ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కచ్చితమైన మనిషని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. గంపలగూడెం వైపు నుంచి సర్టిఫికెట్టు కోసం వచ్చిన ఒకమ్మాయిని రక్తం లేదని వెనక్కి పంపేసిందట. ఆ సంగతి అమ్మ చెవినా పడింది.

“నాన్నకి చెప్పకు,” అంది అమ్మ. “చెబితే చదువూ వద్దు, ఏమీ వద్దని ఇంట్లో కూచోబెడతాడు.”

మరి డాక్టరమ్మ కనిపెడితే ఏం చెయ్యాలని అడిగాను.  మర్నాడు నాన్న చేలోకి వెళ్లగానే అమ్మ ఎదురింటికి వెళ్లి అత్తను వెంటబెట్టుకొచ్చింది.

ఎదురింటి అత్త వాళ్లు ముస్లింలు. వాళ్లాయన లారీ నడిపేవాడు. ఆమె ఆ చుట్టుపక్కల పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసేది. వాళ్లవాళ్లే కాదు, మావాళ్లు కూడా ఆమెనే పిలిచేవాళ్లు. అమ్మ ఆమెను వదినా అనేది కాబట్టి నాకు అత్త అయింది. ఆ రోజు ఆమె చేతిలో అరచేతిలో పట్టేంత గుండ్రటి రేకు డబ్బా ఉంది. మూత తీస్తే లోపల గులాబీ రంగు బిళ్ల, మధ్యలో వేలు తిరిగి తిరిగి గుంట పడింది. ఆమె దాన్ని సుర్ఖీ అనేది. నాటకాలవాళ్లు రూజు అంటారట. బెజవాడలో నాటకాల సామాను అమ్మే కొట్లో ఆయన కొనుక్కొచ్చాడట.

విషయం అంతా విన్నాక ఆమె వెంటనే డబ్బా తెరవలేదు. డాక్టర్ దగ్గరికి రంగేసి పంపడం తప్పేమో వదినా అని రెండుసార్లంది. ఎవరు వేశారని అడిగితే తన పేరు బయటికొస్తుందని, ఆయన ఊళ్లో లేనప్పుడు అలాంటివి వస్తే తాను ఒక్కతీ ఏం చేసుకుంటుందని భయపడింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. నీ పేరు రానివ్వం అని నేనే చెప్పాను. అప్పుడు కూర్చుంది.

నా మొహాన్ని తలుపు వైపు, పగటి వెలుతురులోకి తిప్పింది. దీపం వెలుతురులో పెట్టిన రంగు పగలు దొరికిపోతుందని చెప్పింది. మొదట శనగపిండితో కడిగించి, తడి పూర్తిగా ఆరనిచ్చింది. స్నో క్రీము కొంచెం రాసింది. తరవాత ఉంగరం వేలితో బిళ్లను అంటీ అంటనట్టు తాకి, ఆ రంగును ముందు తన చేతి వెనక భాగాన రుద్దుకుంది. అక్కడ మిగిలిందే నా మొహానికి. నవ్వమంది. నాకు నవ్వు రాలేదు. పళ్లు కనపడేట్టు ఊరికే నోరు తెరవమంటే తెరిచాను. బుగ్గ ఎక్కడ పైకి లేస్తుందో అక్కడ వేలు పెట్టి, చెవి వైపుకు సాగదీస్తూ రుద్దింది. అద్దం చూపించింది. బాగాలేదు. నా ఛాయకు గులాబీ పైకి తేలిపోయి, సంతలో అమ్మే చెక్కబొమ్మలా ఉన్నాను.

“పెళ్లికూతురికైతే ఇట్టా ఉండొచ్చు,” అంది అత్త. “రంగేసినట్టు తెలియాలి అక్కడ. నీకు అట్టా కాదు, ఎండలో నడిచొచ్చిన రంగు రావాల.”

తుడిచేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి సుర్ఖీలో నాలుగు చుక్కల స్నో, చిటికెడు ఎర్ర చందనం పొడి కలిపి చేతి మీద మెత్తగా నూరింది. గులాబీ పోయి మాగిన జామపండు లోపలి రంగు లాంటిది వచ్చింది. దాన్ని బుగ్గలకే పెట్టి ఊరుకోలేదు. మనిషికి రక్తం బుగ్గల్లోకే రాదు కదా, ఎండలో వచ్చినవాళ్లకి ముక్కు మీదా, గడ్డం కిందా, చెవి తమ్మెలకూ వస్తుందని చెబుతూ అక్కడా వేలితో తాకీ తాకనట్టు అద్దింది. పై నుంచి మెత్తటి గుడ్డతో పౌడరు ఒత్తింది. అంచులు కనపడకూడదు, రంగు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో చూసేవాళ్లకు తెలియకూడదు అని మళ్లీ మళ్లీ అంది. మర్నాడు నా చేతే వేయించింది. మూడోసారికి నాకు చెయ్యి తిరిగింది.

అద్దంలో ఆరోగ్యంగా ఉన్న పిల్ల కనపడింది. అమ్మ మొహంలో చాలా రోజుల తరవాత కాస్త తేట వచ్చింది. నాకు మాత్రం ఆ పిల్లను చూస్తే భయమేసింది. డాక్టరమ్మ కనిపెడితే సీటు పోతుందన్న భయం ఒకటి ఎలాగూ ఉంది. దాని కింద ఇంకో భయం చేరింది. ఆమె కనిపెట్టకపోతే? ఈ మొహాన్ని నమ్మి సంతకం పెట్టేస్తే, లోపల ఉన్నదేదో లోపలే పెట్టుకుని నేను బెజవాడ వెళ్లిపోతాను. ఆ ఊళ్లో ఏ బావి దగ్గరో పడిపోతే ఎవరికి తెలుస్తుంది? ఇది అమ్మతో అనలేదు. అంటే ఆమె మొహంలో వచ్చిన తేట పోతుంది.

ఆసుపత్రికి వెళ్లిన రోజు సోమవారం. జూన్ నెల వచ్చినా ఎండలు తగ్గలేదు. అమ్మ మొహానికి పసుపు రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని నా వెంట వచ్చింది. దారి పొడుగునా మొహం తాకొద్దనీ, చెమట పడితే తుడవకుండా కొంగుతో అద్దమనీ చెబుతూనే ఉంది. వరండాలో బెంచీలు నిండిపోయి, జనం గోడ వారగా కింద కూర్చున్నారు. చీటీ రాయించుకుని మేమూ కూర్చున్నాం. వరుస మెల్లగా కదులుతోంది. నా మెడ మీద చెమట కారడం తెలుస్తోంది. మొహానికి పట్టకూడదని ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకున్నాను. 

మా పక్కన ఒక పల్లెటూరి మనిషి ఏడాది లోపు బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. నెమలి అనే ఊరి దగ్గర నుంచి వచ్చామనీ, బిడ్డకు రెండు రోజులుగా జ్వరమనీ చెప్పింది. చీటీ రాసే దగ్గర పిలుపు వస్తే, కాస్త పట్టుకోమ్మా అని బిడ్డను నా చేతుల్లో పెట్టి వెళ్లింది. కాదనడానికి నాకు వ్యవధి లేదు. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుంది, నా భుజం మీద తల వేసి, తడి మొహాన్ని నా చెంపకు ఆనించి నిద్రపోయింది. అమ్మ కళ్లతోనే నన్ను హెచ్చరించింది. తల పక్కకు తిప్పబోతే బిడ్డ మూలిగింది. అలాగే ఉండిపోయాను.

తల్లి తిరిగొచ్చి బిడ్డను తీసుకుని ఒళ్లో పడుకోబెట్టుకుంది. మరుక్షణం ఆమె చేతులు ఆగిపోవడం చూశాను. బిడ్డ చెంప మీద, నుదుటి మీద, ముక్కు పక్కన ఎర్రటి మచ్చలు. ఆమె వేలితో తాకలేదు. తాకడానికి భయపడింది. అమ్మవారు పోసింది అని చాలా చిన్న గొంతుతో అంది.

ఆ మాట ఆ రోజుల్లో ఎంత పని చేసేదో ఇప్పటివాళ్లకు తెలియదు. మొహం నిండా గుంటలు పడ్డ మనుషులు ప్రతి వీధిలో ఉండేవాళ్లు. టీకాలవాళ్లు ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్న కాలం. మా ముందున్న మనిషి వెనక్కి తిరిగి చూసి, తన పిల్లాణ్ణి చంకనేసుకుని లేచాడు. ఒకరిని చూసి ఒకరు లేచారు. ఉన్నట్టుండి ఆమె చుట్టూ నేల ఖాళీ అయిపోయింది. బయటికి తీసుకుపో, చెట్టు కింద కూర్చో అని ఎవరో అన్నారు. ఇంకెవరో బిడ్డనెందుకు తెచ్చావని కసిరారు. ఆమె లేవలేక, కూర్చోలేక, బిడ్డను ఎత్తుకుని వరండా మెట్లు దిగి ఎండలో నిలబడింది. ఒక్కత్తే వచ్చినట్టుంది, పక్కన ఎవరూ లేరు.

అది నా చెంప మీది రంగని నాకు తెలుసు. అమ్మకూ తెలుసు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుంది.

“నోరు తెరవకు,” అంది.

నేను నోరు తెరవలేదు. ఎంతసేపో చెప్పలేను. బహుశా పది మంది లోపలికెళ్లి వచ్చేంత కాదు, కానీ ఆమె ఏడుపు మొదలై, బిగ్గరగా మారి, మళ్లీ సన్నబడేంత సేపు. బిడ్డను గుడ్డలో చుట్టి మొహం కప్పేసింది. ఆ జ్వరం బిడ్డ ఆ ఎండలో, గుడ్డ కింద. నాకు నా సీటు గుర్తొచ్చింది, నాన్న అరుగు మీద కాగితం చదివించుకోవడం గుర్తొచ్చింది, అత్తకిచ్చిన మాట గుర్తొచ్చింది. ఇవన్నీ గుర్తొస్తుండగానే గుడ్డ కింద బిడ్డ గట్టిగా ఏడ్చింది. అమ్మ చేతిలోంచి చెయ్యి లాక్కుని మెట్లు దిగాను.

పంపు దగ్గర కొంగు తడుపుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. దగ్గరికి రాకమ్మా, అంటుకుంటుంది అని ఆమే నన్ను వారించింది. అంత భయంలోనూ నా మంచి కోరి అంది. నేను గుడ్డ తీసి బిడ్డ చెంప తుడిచాను. రంగు కొంగుకు అంటింది. నుదురు తుడిచాను. అదీ పోయింది. ఆమె నా చేతిలోంచి కొంగు లాక్కుని తనే మళ్లీ తుడిచింది, బిడ్డ చొక్కా ఎత్తి పొట్ట చూసింది, వీపు చూసింది, చంకలు చూసింది. అప్పుడు నా మొహం చూసింది. ఒక బుగ్గ రంగుతో, ఇంకో బుగ్గ రంగు లేకుండా ఉండి ఉంటాను.

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆమె బిడ్డను గుండెకు హత్తుకుని, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో ఒక్క మాటంది.

“ముందే చెబితే ఏం పోయేదమ్మా నీకు?”

నేను రంగంటిన కొంగును చేతిలో ముద్దగా నలిపాను. 

గొడవ విని డాక్టరమ్మ అప్పటికే వరండాలోకి వచ్చి నిలబడి ఉంది. సన్నగా, నెరిసిన జుట్టుతో, మా బడిలో లెక్కల టీచరమ్మలా ఉంది. ముందు ఆ బిడ్డను లోపలికి తీసుకెళ్లమని నర్సుకు చెప్పింది. తరవాత నా వైపు వేలు చూపించి, నువ్వు కూడా రా అంది. ఆ నాలుగు మెట్లూ ఎక్కేసరికి నా కళ్ల ముందు నల్లబడింది. గోడ పట్టుకుని నిలబడితే, ఆమె అది కూడా చూసింది.

లోపల బిడ్డకు మందు ఇచ్చి, తల్లిని బల్ల మీద కూర్చోబెట్టి నీళ్లు ఇప్పించాక, నన్ను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోమంది. స్పిరిట్ తడిపిన దూదితో నా మొహం తుడిచింది. చల్లగా తగిలి, వెంటనే మండింది. ఒక దూది సరిపోక ఇంకోటి తీసింది. చెవి తమ్మెలు తుడిచినప్పుడు చెయ్యి ఆపింది.

“ఎవరు వేశారు ఇది?”

నేనే వేసుకున్నానండీ అన్నాను. ఆమె నమ్మలేదనుకుంటాను, కానీ మళ్లీ అడగలేదు. నా కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి చూసింది. నాలుక చాపమంది. గోళ్లు నొక్కి చూసింది. రంగు ఎంత బాగా వేసినా రెప్ప లోపల వెయ్యలేరు కదా అని తనలో తను అనుకుంటున్నట్టు అంది. ఆయాసం ఎప్పటి నుంచని అడిగింది, నెలసరి గురించి అడిగింది, చెప్పులు వేసుకుంటావా అని అడిగింది. అన్నింటికీ చెప్పాను. ఆ తరవాత నా మొహంలోకి చూస్తూ అడిగింది.

“బియ్యం తింటున్నావా? సుద్ద, బలపం లాంటివి?”

అమ్మ ఆ మాటకు నా వైపు తిరిగింది. నేను తల ఊపాను. ఏడాదిగా దాచుకున్నదంతా ఆ ఒక్క ఊపుతో బయటపడింది. ఇక దాచేదేమీ లేదనిపించి, అడగాలనుకున్నది అడిగేశాను.

“నేను చచ్చిపోతానా అండీ?”

ఆమె ఓదార్పుగా నవ్వలేదు. అది నాకు మేలు చేసింది. ఇలాగే వదిలేస్తే రేపు కాన్పు సమయానికి ప్రాణం మీదికి వస్తుందని, వదిలెయ్యకపోతే ఏమీ కాదని, ఇది మందులకు లొంగే జబ్బని చెప్పింది. రక్తం లేకపోతే ఒంటికి బియ్యం, మట్టి తినాలనిపిస్తుందట. చెప్పుల్లేకుండా తడి నేల మీద, బహిర్భూమికి వెళ్లే చోట తిరిగితే కంటికి కనపడనంత చిన్న పురుగులు పాదాల్లోంచి లోపలికి పోతాయట. అవి పేగుల్లో కొక్కేల్లా పట్టుకుని రక్తం తాగుతాయట. నేను పొట్ట మీద చెయ్యి వేసుకున్నాను. అక్కడే, అప్పుడే అవి కదులుతున్నట్టనిపించింది.

అమ్మ అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముందుకు వచ్చి, తన చెల్లెలి సంగతి చెప్పింది. ఆరేళ్లుగా ఎత్తని మాట. బియ్యం తినేదని అమ్మకూ తెలుసట. కడుపుతో ఉన్నవాళ్లకు అలాంటి కోరికలు ఉంటాయనుకుందట. చిగుళ్లు, పెదవులు, కాళ్ల వాపు అన్నీ చెప్పింది. డాక్టరమ్మ మధ్యలో ఆపకుండా విన్నది.

“అయితే ఈ మందుంటే అది బతికేదా అమ్మా?” అంది అమ్మ.

డాక్టరమ్మ చేతిలోని దూదిని బుట్టలో వేసి, చేతులు కడుక్కుని, తుడుచుకుని అప్పుడు చెప్పింది.

“ముందుగా చూపించి ఉంటే బతికేదేమోనమ్మా.”

అమ్మ ఏడవలేదు. మొహంలో పసుపు మాత్రం మిగిలి, దాని కింద మనిషి లేనట్టయింది. డాక్టరమ్మ ఆమెను కూడా కిటికీ దగ్గరికి పిలిచింది. నాకేం లేదు, నేను బానే ఉన్నానంటూ అమ్మ వెనక్కి జరిగింది. కానీ డాక్టరమ్మ వేలు అప్పటికే ఆమె రెప్ప మీద ఉంది. నేను పక్క నుంచి చూశాను. లోపల ఎరుపు లేదు. మా అమ్మ రోజూ నాకంటే రెండు బిందెలు ఎక్కువ మోసేది.

కాంపౌండరు ఇద్దరి వేళ్లూ గుచ్చి రక్తం తీశాడు. నా చుక్క చూసి, నీళ్లలా ఉందేంటమ్మా అన్నాడు. మర్నాడు అగ్గిపెట్టెల్లో పరీక్షకు ఇవ్వాల్సింది ఇచ్చాం. పురుగులు ఇద్దరికీ ఉన్నాయి. సర్టిఫికెట్టు మీద డాక్టరమ్మ సంతకం పెట్టలేదు. మూడు నెలలు గడువు ఇమ్మని ట్రైనింగ్ స్కూలుకు ఉత్తరం రాసిచ్చింది. గడువు లేదని, వరుసలో తరవాత ఉన్నవాళ్లకు సీటు ఇచ్చామని జవాబు వచ్చింది.

ఆ జవాబు కంటే ముందే నాన్నకు చెప్పాల్సి వచ్చింది. అమ్మే చెప్పింది, రంగు సంగతితో సహా.   నాన్న సాయంత్రానికి బజారు నుంచి నాకూ అమ్మకూ తమ్ముడికీ చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. తనకు తెచ్చుకోలేదు. మీకు కూడా కావాలని డాక్టరమ్మ చెప్పిందని నేనంటే, మర్నాడు వెళ్లి తెచ్చుకున్నాడు.

ఎదురింటి అత్త వారం రోజులు తలుపు గొళ్లెం తియ్యలేదు. ఆసుపత్రి నుంచి ఎవరో వచ్చి అడుగుతారని డబ్బాను పిండి జాడీలో దాచిందట. నేనే వెళ్లి, మీ పేరు చెప్పలేదు అత్తా అని చెప్పాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది కానీ, ఆ తరవాత చాలా కాలం నా మొహంలోకి నేరుగా చూసేది కాదు.

పురుగుల మందు పరగడుపున తాగాం. తరవాత ఇనుము మాత్రలు. మూడో రోజు విరేచనం బొగ్గులా నల్లగా అయ్యేసరికి నాకు ప్రాణం పోయినంత పనైంది. పిన్నికి చివర్లో ఇలాగే అయి ఉంటుందనుకున్నాను. అమ్మకూ అలాగే అయిందట, నన్ను బెదరగొట్టడం ఇష్టం లేక చెప్పలేదు. ఇద్దరం ఒకరికొకరు తెలియకుండా భయపడి, చివరకు ఒకేసారి ఆసుపత్రికి బయల్దేరాం. అది మాత్రల రంగు, చెప్పడం మరిచిపోయానని డాక్టరమ్మ నొచ్చుకుంది.

బియ్యం మీద యావ ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఒక రోజు ఎసట్లో పోశాక గుర్తొచ్చింది, నోట్లో వేసుకోలేదని. కార్తీకం నాటికి మిరపచేలో వంగి లేచినా కళ్లు నల్లబడలేదు. అయినా నేను పూర్తిగా నమ్మలేదు. పొద్దున్నే తలుపు దగ్గర అద్దం పెట్టుకుని, రెప్ప కిందికి లాగి చూసుకోవడం అలవాటైపోయింది. కొంచెం ఎరుపు తక్కువనిపించిన రోజు అన్నం సయించేది కాదు. ఆసుపత్రిలో ఆ బిడ్డ తల్లి మళ్లీ కనపడుతుందేమోనని వెళ్లిన ప్రతిసారీ చూసేదాన్ని. బిడ్డకు జ్వరం తగ్గిందని నర్సు చెప్పింది. ఆమెను మాత్రం మళ్లీ చూడలేదు.

చలి మొదలయ్యే రోజుల్లో అమ్మ, ఎవరికీ చెప్పకుండా, పొద్దున్నే బస్సెక్కి వినగడప వెళ్లింది. పిన్నికి మొదటి కాన్పు పిల్ల అక్కడే నాయనమ్మ దగ్గర పెరుగుతోంది, ఎనిమిదేళ్లది. అమ్మ వాళ్ల వాకిట్లోకి వెళ్లి, కాళ్లు కూడా కడుక్కోకుండా, ఆ పిల్లను వెలుతురులో నిలబెట్టి కనురెప్ప లాగి చూసిందట. ఇదేం పిచ్చని వాళ్లు గొడవ చేశారట. అమ్మ ఏం చెప్పిందో తెలియదు. మధ్యాహ్నం బస్సులో పిల్లను వెంటబెట్టుకుని దిగింది.  పిల్ల చెయ్యి పట్టుకుని నేరుగా ఆసుపత్రి వైపు నడిచింది. నేను వెనక పరిగెత్తుకుంటూ వెళ్లాను.

మరుసటి ఏడు నాకు మళ్లీ సీటు వచ్చింది. డాక్టరమ్మ రెప్ప చూసి, గోళ్లు చూసి, సంతకం పెట్టింది. బెజవాడ బస్సు ఎక్కించడానికి నాన్న ఒక్కడే వచ్చాడు. వినగడప పిల్ల ఆ వారం మా ఇంట్లో ఉంది, దానికి మళ్లీ పురుగుల మందు పరగడుపున తాగించాలని అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది.